తుడవక ముందే స్కాన్: పాడైన నెగెటివ్‌ల గురించి పాఠకుల ప్రశ్నలు

ఫిల్ము కెమెరాల కాలం నాటి నెగెటివ్‌ల గురించి ఇటీవల వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. వరద నీరు, బూజు, పులుపు వాసన, వెలిసిన రంగు ఇలా కారణాలు వేరువేరుగా ఉన్నా, నెగెటివ్‌ను ముందు శుభ్రం చేసి తరువాతే స్కాన్ చేయాలన్న నమ్మకం దాదాపు అన్ని ఉత్తరాలలోనూ కనిపించింది. ఆ వరుసను తిరగవేయడమే క్షేమమని మా అభిప్రాయం.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు): 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇంటి కింది అంతస్తు మునిగిపోయింది. బీరువా అడుగు అరలోని నెగెటివ్‌లను నీరు తీసిన తరువాత ఎండలో ఆరబెట్టాము. ఇప్పుడు కొన్ని బటర్ పేపర్ కవర్లకు, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అందులో మా అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు ఉన్నాయి. స్టూడియోవారు "వదిలేయండమ్మా, ఇక రావు" అన్నారు. నిజంగా రావా?

సమాధానం: అన్నీ రాకపోవచ్చు గాని, అన్నీ పోయాయని చూడకుండా చెప్పడం తొందరపాటు. నెగెటివ్ అంటే పలుచని ప్లాస్టిక్ పట్టీ మీద పరచిన జెలటిన్ పొర. బొమ్మ అంతా ఆ జెలటిన్‌లోనే ఉంటుంది. నలుపు తెలుపు ఫిల్ములో వెండి రేణువులుగా, రంగుల ఫిల్ములో ఒకదాని కింద ఒకటిగా ఉన్న మూడు రంగుల పొరలుగా ఉంటుంది. జెలటిన్ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరేటప్పుడు తనకు ఆనుకుని ఉన్న కాగితాన్నో పక్క నెగెటివ్‌నో పట్టేసుకుంటుంది. అందుకే తడిసిన నెగెటివ్‌లను ఆరనివ్వకుండా, చల్లని శుభ్రమైన నీటిలోనే ఉంచి ఒకటి రెండు రోజులలో లాబ్‌కు చేర్చాలి. అది వీలుకాకపోతే తడిగానే ఫ్రీజరులో పెట్టాలి. మీ విషయంలో ఆ సమయం దాటిపోయింది గాని, వరద ముప్పు ఉన్న చోట్ల నివసించే ఇతర పాఠకుల కోసం ఈ మాట చెబుతున్నాము.

ఇప్పుడు లాగవద్దు, వెంటనే నానబెట్టవద్దు. ముందుగా ఉన్నవాటిని ఉన్నట్లుగానే స్కాన్ చేయించండి. పారదర్శకమైన ప్లాస్టిక్ కవరుకు అతుక్కున్న పట్టీని ఆ కవరుతో సహా, వెనుక నుంచి వెలుగు వేసి కెమెరాతో తీయవచ్చు. బటర్ పేపరుకు అతుక్కున్నదానిని కూడా తీయవచ్చు. కాగితం ఉన్న వైపును వెలుగు వైపుకు తిప్పి, కాగితం లేని వైపు నుంచి కెమెరాతో తీస్తే, కాగితపు నలకలు కొంత కనిపించినా ముఖాల గీతలు చెడవు. బొమ్మ కుడిఎడమలుగా వస్తే కంప్యూటరులో తిప్పుకోవడం క్షణం పని. ఈ మొదటి స్కాన్ అందంగా ఉండకపోవచ్చు. కాని తరువాత చేయబోయే పనిలో నెగెటివ్ కరిగిపోయినా చిరిగిపోయినా, మీ చేతిలో మిగిలేది అదే. ఒకదానిపై ఒకటి అతుక్కున్న రెండు నెగెటివ్‌లను మాత్రం ఏ స్కానరూ విడదీసి చూపలేదు, ఎందుకంటే రెండు బొమ్మలూ కలిసిపోయి ఒకే నీడగా పడతాయి. వాటికి నీరు తప్పదు.

నీటిలో వేసే ముందు ఒక పరీక్ష చేయాలి. బొమ్మ లేని అంచు మీద, జెలటిన్ వైపున, ఒక నీటి చుక్క వేసి కొన్ని నిమిషాలు ఆగండి. సాధారణంగా జెలటిన్ వైపు కాస్త మసకగా, రెండవ వైపు నిగనిగలాడుతూ ఉంటుంది కనుక గుర్తించడం కష్టం కాదు. చుక్క పడిన చోట పొర కొద్దిగా ఉబ్బి, ఆరిన తరువాత మామూలుగా అయిపోతే నీటిని తట్టుకుంటుందని అర్థం. జిగటగా మారి దూదికి అంటుకుంటే, లోపల బూజు జెలటిన్‌ను తినేసి దానిని నీటిలో కరిగే పదార్థంగా మార్చేసిందన్నమాట. అలాంటి నెగెటివ్‌ను నీటిలో వేస్తే బొమ్మ గిన్నె అడుగుకు చేరుతుంది. దానిని పొడిగానే ఉంచి, మొదటి స్కాన్‌తో తృప్తి పడడం లేదా ఫొటోల సంరక్షణ తెలిసిన నిపుణులకు అప్పగించడం తప్ప మార్గం లేదు.

పరీక్షలో నెగ్గినవాటిని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి. నీరు 20 డిగ్రీల సెల్సియస్ లోపల ఉండాలి. విజయవాడ కుళాయి నీరు ఎండాకాలంలో ఆ మాట వినదు కనుక, నెగెటివ్‌లు ఉన్న గిన్నెను ఐసుముక్కలు వేసిన మరో వెడల్పాటి గిన్నెలో పెట్టడం సులువు. వేడి నీటిలో ఉబ్బిన జెలటిన్ ముడతలు పడుతుంది, పట్టీ నుంచి జారిపోయే ప్రమాదం కూడా ఉంది. నెగెటివ్‌లు వాటంతట అవే విడిపోయేదాకా ఆగాలి. అరగంటలో విడిపోయేవి ఉంటాయి, పూట పట్టేవీ ఉంటాయి. గోటితోనో బ్లేడుతోనో సాయం చేయబోవడం వల్ల పాడైనన్ని నెగెటివ్‌లు నానడం వల్ల పాడు కావు. విడిపోయిన తరువాత ఆఖరి నీటిలో, నీరు సమంగా జారిపోయేలా చేయడానికి ఫిల్ముల కోసమే అమ్మే వెట్టింగ్ ఏజెంట్‌ను కొద్ది చుక్కలు వేస్తే నీటి మరకలు పడవు. రంగుల నెగెటివ్‌లైతే ఆఖరి మునక ఫిల్ము లాబ్‌లో వాడే, రంగులను నిలిపే స్టెబిలైజర్ ద్రావణంలో ఇప్పించడం మంచిది. దుమ్ము లేని గదిలో, ఫ్యాను వేయకుండా, క్లిప్పుకు వేలాడదీసి ఆరనిచ్చి, ఆ తరువాత రెండవసారి స్కాన్ చేయించండి. అతుక్కున్న చోట్ల నునుపైన మెరిసే మచ్చలు మిగిలిపోవచ్చు. వాటిని తగ్గించే తడి స్కాన్ గురించి కింది సమాధానంలో వివరించాము.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు): మా తాతగారి కాలం నాటి నలుపు తెలుపు నెగెటివ్‌ల మీద గీతలు, బూజు మచ్చలు ఉన్నాయి. ఒక దుకాణంలో స్కాన్ చేయిస్తే, "దుమ్మును స్కానరే తీసేస్తుంది" అన్నారు. తీరా చూస్తే గీతలు అలాగే ఉన్నాయి, ముఖాలు మాత్రం మైనపు బొమ్మల ముఖాల్లా అయ్యాయి. లోపం నెగెటివ్‌దా, స్కానర్‌దా?

సమాధానం: రెండింటిదీ కాదు, వాటిని జతచేసినవారిది. స్కానర్లలో దుమ్మును తీసే సదుపాయం ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పనిచేస్తుంది. రంగుల ఫిల్ములోని రంగు పదార్థాలు ఆ కిరణాలను అడ్డుకోవు, దుమ్ము కణాలు, గీతలు, బూజు తీగలు అడ్డుకుంటాయి. కనుక స్కానర్ ఇన్‌ఫ్రారెడ్‌లో మరొక బొమ్మ తీసి, అందులో నల్లగా కనిపించిన చోట్లనే లోపాలుగా గుర్తించి, పక్కనున్న రంగులతో పూడుస్తుంది. డిజిటల్ ఐస్ అన్న పేరుతో చాలా స్కానర్లలో ఉన్నది ఈ పద్ధతే. అమెరికాలోని ఆస్టిన్ నగరానికి చెందిన అప్లైడ్ సైన్స్ ఫిక్షన్ అనే సంస్థ దీనిని రూపొందించింది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ వెండితో ఏర్పడుతుంది, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది. దాంతో స్కానర్ కంటికి మీ తాతగారి మీసమూ దుమ్మే, గీతా దుమ్మే. రంగుల ఫిల్ము పద్ధతిలోనే కడిగే ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 వంటి కొన్ని నలుపు తెలుపు ఫిల్ములకు ఈ ఇబ్బంది లేదు గాని, తాతల కాలం నాటివి అవి కావు. ఆ సదుపాయాన్ని పూర్తిగా ఆపివేసి మళ్లీ స్కాన్ చేయమని అడగండి.

గీతల సంగతికి వస్తే, అవి ఏ వైపున ఉన్నాయో చూడాలి. ప్లాస్టిక్ వైపు గీతలు బొమ్మను చెరపవు. గీత అంచుల దగ్గర వెలుగు చెదిరిపోవడం వల్ల మాత్రమే అవి కనిపిస్తాయి. నెగెటివ్‌కు, గాజుపలకకు మధ్య స్కానింగ్ కోసమే తయారు చేసిన ద్రవాన్ని పోసి, గాలిబుడగలు లేకుండా పరచి స్కాన్ చేస్తే, ఆ ద్రవం వెలుగును వంచే తీరు దాదాపు ప్లాస్టిక్‌దే కనుక గీత నిండిపోయి కనబడకుండా పోతుంది. దీనినే తడి స్కాన్ అంటారు. గరుకు అద్దం మీద నీరు చల్లితే అవతలి మనిషి కనిపించడం లాంటిదే ఇది. నెగెటివ్‌ను తిరిగే గొట్టానికి చుట్టి స్కాన్ చేసే డ్రమ్ స్కానర్లు వాడేవారు దీనిని ఏనాటి నుంచో చేస్తున్నారు. గాజుపలక మీద పరచి స్కాన్ చేసే ఎప్సన్ వి850 వంటి ఫ్లాట్‌బెడ్ స్కానర్లకూ ఇందుకు తగిన ట్రే దొరుకుతుంది. నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద ప్రింటు వేసే ఎన్‌లార్జర్ల కాలంలో ఈ పనికే ముక్కు పక్కన వేలితో రాసి, ఆ జిడ్డును గీత మీద పూసేవారు. అది కట్టుకథ కాదు, పని చేసేది కూడా, కాని ఈ రోజున దానిని సిఫారసు చేయము. జెలటిన్ వైపున లోతుగా పడిన గీతలో మాత్రం బొమ్మే గీరుకుపోయింది, దానిని ఏ ద్రవమూ తిరిగి తేలేదు.

బూజు ఉన్న నెగెటివ్‌లకు నీరు తగలనివ్వవద్దు. పైపైన ఉన్న తీగలను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని దూది కట్టిన పుల్లతో, నొక్కకుండా ఒకే దిశలో తుడవవచ్చు. మందుల షాపులో దొరికే స్పిరిట్ వాడకండి, అందులో నీరు కలిసి ఉంటుంది. అయితే తుడిచే ముందు నెగెటివ్‌ను వాలుగా పట్టుకుని జెలటిన్ వైపు పరిశీలించండి. పాత స్టూడియోలలో టచింగ్ చేసేవారు కళ్ల కింద నీడలను, మొటిమల మచ్చలను సన్నని పెన్సిలుతో నేరుగా నెగెటివ్ మీదనే సరిచేసేవారు. కొన్నిటికి ఎర్రరంగు పూత కూడా ఉంటుంది. వాటిని మురికి అనుకుని తుడిచేస్తే ఆ పనితనం మళ్లీ రాదు. మీ తాతగారి నెగెటివ్‌లు స్టూడియోలో తీసినవైతే, తుడవక ముందే స్కాన్ చేయించాలనడానికి ఇది ఇంకొక కారణం.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు): ట్రంకుపెట్టె తెరిస్తే ఘాటైన వెనిగర్ వాసన వస్తోంది. అందులోని పెద్ద సైజు నెగెటివ్‌లు వంకరలు తిరిగి, పైన బుడగల వంటి గట్లు లేచి ఉన్నాయి. ఇస్త్రీ చేసినట్లు బరువు పెట్టి చదును చేయవచ్చా?

సమాధానం: చేయకండి, విరుగుతాయి. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. ఒకప్పటి నైట్రేట్ ఫిల్ము సులభంగా నిప్పంటుకునేది కనుక దాని స్థానంలో సెల్యులోజ్ ఎసిటేట్ ఫిల్ము వచ్చింది. అంచున ఆంగ్లంలో 'సేఫ్టీ' అన్న అక్షరాలు కనిపించేది అందుకే. వేడి, తేమ తగిలితే ఎసిటేట్ విచ్ఛిన్నమై ఆమ్లాన్ని విడుస్తుంది, ఆ ఆమ్లమే మిగిలిన భాగాన్ని ఇంకా వేగంగా విచ్ఛిన్నం చేస్తుంది. ఎసిటేట్‌లోనే ఒక రకమైన ట్రైఎసిటేట్ ఫిల్ము 1948లో వచ్చిన కొద్ది ఏళ్లకే ఈ జబ్బు గురించి కొడాక్ సంస్థకు అందిన తొలి ఫిర్యాదు భారత ప్రభుత్వం నుంచి వెళ్లినదే. మన ఎండలో, ఉక్కలో ఉంచిన ఫిల్ములలో అది ముందుగా బయటపడింది. అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం, 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త ఎసిటేట్ ఫిల్ముకు ఈ జబ్బు మొదలు కావడానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. మన ఇళ్ల అటకలు ఆ గదికి ఏ మాత్రమూ పోలిక కావు.

ఊరట కలిగించే మాట ఒకటి ఉంది. కుంచించుకుపోయేది ప్లాస్టిక్, జెలటిన్ కాదు. పట్టీ చిన్నదవుతుంటే పైనున్న పొరకు చోటు చాలక గట్లుగా పైకి లేస్తుంది, కాని ఆ గట్ల లోపల వెండి బొమ్మ తరచుగా చెక్కుచెదరకుండానే ఉంటుంది. కనుక స్కానర్ మూత కింద నొక్కకుండా, సమంగా వెలుగునిచ్చే ఎల్ఈడీ పలక మీద నెగెటివ్‌ను ఉంచి, పైనుంచి, అతి దగ్గరి వస్తువులను తీసే మాక్రో లెన్స్‌తో తీయించండి. వంపు వల్ల ఒకే ఫోకస్‌లో అంతా స్పష్టంగా రాదు. ఎత్తు మార్చి మార్చి అనేక ఫ్రేములు తీసి, ప్రతి దానిలో స్పష్టమైన భాగాన్ని ఏరి కలిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. గట్ల నీడలు బొమ్మలో కొంత మిగులుతాయి. జెలటిన్ పొరను శిథిలమైన పట్టీ నుంచి పూర్తిగా ఒలిచి కొత్త ఆధారం మీద పరిచే పద్ధతి సంరక్షణ ప్రయోగశాలలలో ఉంది, ఇంట్లో అనుకరించదగినది మాత్రం కాదు.

వంకరపోయినవి, కాలినవి కూడా ఎంతవరకు తిరిగి వస్తాయో తెలుసుకోవాలంటే సత్యజిత్ రాయ్ 'అపు' చిత్రత్రయం సంగతి చూడవచ్చు. 1993లో లండన్‌లోని ఒక లాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో వాటి నెగెటివ్‌లు కాలి, కరిగి, పెళుసుబారాయి. ఇటలీలోని బొలోన్యా నగరపు ప్రయోగశాలలో మిగిలిన భాగాలను రసాయన ద్రావణాలలో నానబెట్టి మెత్తబరచి, చేతితో అతుకులు వేసి, 4కె స్థాయిలో స్కాన్ చేశారు. బతకని భాగాలను వేరే చోట్ల భద్రంగా ఉన్న కాపీల నుంచి తీసుకున్నారు. 2015లో ఆ చిత్రాలు మళ్లీ తెరకెక్కాయి. మీ నెగెటివ్‌లకు రెండవ కాపీ ఉండకపోవచ్చు గాని, బంధువుల ఆల్బమ్‌లలో వాటి ప్రింట్లు ఉన్నాయేమో విచారించడం ఆ పద్ధతినే ఇంట్లో పాటించడం.

వాసన వస్తున్నవాటిని మంచివాటి నుంచి ఈ రోజే వేరు చేయండి, ఎందుకంటే మూసి ఉన్న పెట్టెలో ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది. స్కాన్ అయ్యేదాకా గాలి చొరబడని సంచిలో ఫ్రిజ్‌లో ఉంచితే విచ్ఛిన్నం నెమ్మదిస్తుంది. బయటికి తీసినప్పుడు సంచి గది వేడికి వచ్చేదాకా తెరవకండి, లేకపోతే నెగెటివ్ మీద చెమ్మ పడుతుంది. పెట్టెను మాత్రం కిటికీలు తెరిచిన గదిలోనే విప్పండి.

ప్రశ్న (అమెరికాలోని న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు): పెళ్లయి ఇక్కడికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న 1980ల నాటి రంగుల నెగెటివ్‌లను స్కాన్ చేయిస్తే, పట్టుచీరలన్నీ ఒకే వంకాయ రంగులోకి వచ్చాయి. ఇచ్చిన ఫైళ్లను ఎంత సరిచేసినా ముఖాల మీద రంగు చారలు పడుతున్నాయి. అసలు రంగు నెగెటివ్‌లో మిగిలి ఉందా?

సమాధానం: ఉండే అవకాశమే ఎక్కువ, చారలు ఫైలు తెచ్చిన తంటా. రంగుల నెగెటివ్‌లోని మూడు పొరలు ఒకే వేగంతో వెలిసిపోవు. ఒక పొర బాగా పలచబడి, మిగిలిన రెండూ నిలిస్తే బొమ్మ అంతా ఒకవైపు రంగు తిరుగుతుంది. పలచబడిన పొరలో కూడా తేడాలు మిగిలే ఉంటాయి. ఆ పొరకు సంబంధించిన ఎరుపు, ఆకుపచ్చ లేదా నీలం భాగాన్ని విడిగా సాగదీస్తే రంగులు మళ్లీ సమతూకానికి వస్తాయి. అయితే మీకు ఇచ్చినవి జేపెగ్ ఫైళ్లు అయి ఉంటాయి. వాటిలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. వెలిసిన పొర అందులో ఓ 40 మెట్లలోనే ఇరుక్కుని ఉంటే, దానిని మొత్తం పరిధికి సాగదీసినప్పుడు మెట్టుకు మెట్టుకు మధ్య ఖాళీలు చారలుగా కనిపిస్తాయి. అదే నెగెటివ్‌ను 16 బిట్లలో స్కాన్ చేస్తే ఒక్కో రంగుకు 65,536 మెట్లు ఉంటాయి. ఆ 40 మెట్ల చోట పది వేలకు పైగా దొరుకుతాయి, సాగదీసినా చారలు రావు.

కనుక 16 బిట్ల టిఫ్ ఫైలు కావాలని, స్కానర్ రంగులను దానంతట అది సరిచేసే సదుపాయాన్ని ఆపమని, వీలైతే బొమ్మను తిరగవేయకుండా నారింజ రంగు నెగెటివ్‌గానే ఇవ్వమని అడగండి. రంగుల ఫిల్ము కనుక ఇన్‌ఫ్రారెడ్ దుమ్ము సదుపాయం ఇక్కడ నిశ్చింతగా వాడవచ్చు. ఒక పొర పూర్తిగా పోయి ఉంటే ఏ సర్దుబాటూ దానిని తేలేదు. అప్పుడు మిగిలిన పొరల నుంచి మంచి నలుపు తెలుపు బొమ్మ చేసుకోవడం, ఊహించి రంగులు వేయించుకోవడం కన్నా నిజాయితీ గల పని అనిపిస్తుంది. ఈ మధ్య వచ్చిన కృత్రిమ మేధ యాప్‌ల గురించీ ఇదే మాట. అవి చెరిగిన ముఖాన్ని బాగుచేయవు, ఆ స్థానంలో అలాంటి మరో ముఖాన్ని గీస్తాయి. వాడుకుంటే వాడుకోండి, కాని అవి ఇచ్చిన బొమ్మను స్కాన్ చేసిన అసలు ఫైలు మీద భద్రపరచకుండా, ఆ అసలు ఫైలును విడిగా ఉంచండి.

ప్రశ్న (తెనాలి నుంచి ఒక పాఠకుడు): 120 రోలు నెగెటివ్‌లు చాలా ఉన్నాయి, ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసినవి. ఎన్ని డీపీఐలో స్కాన్ చేయించాలి? ఫోనుతో తీస్తే చాలదా?

సమాధానం: ఫోనుతో తీసినది ఏ నెగెటివ్‌లో ఏముందో చూసుకోవడానికి, ఇంతకు ముందు చెప్పిన మొదటి నకలుకు చాలు. ప్రింటు కోసమైతే 2400 డీపీఐ, అంటే అంగుళానికి 2400 చుక్కలు, అడగండి. ఫ్లాట్‌బెడ్ స్కానర్ల పెట్టె మీద 6400 అని రాసి ఉన్నా, అవి నిజంగా విడదీసి చూపగలిగే వివరం అందులో సగం కూడా ఉండదు. అంతకు మించి అడిగితే ఫైలు బరువు పెరుగుతుంది తప్ప బొమ్మ పెరగదు. మీ చదరపు నెగెటివ్ ఒక్కొక్క వైపు సుమారు 56 మిల్లీమీటర్లు కనుక, 2400 దగ్గరే దాదాపు 28 మెగాపిక్సెళ్లు వస్తాయి. క్లిక్ త్రీకి ఉన్న సాదా లెన్స్ అంత వివరాన్ని రాసి ఉండదు కూడా. 35 మిల్లీమీటర్ల ఫిల్మును మాత్రం ఫిల్ము స్కానర్‌తోనో, 24 మెగాపిక్సెళ్ల కెమెరాకు మాక్రో లెన్స్ తగిలించో తీయించడం మేలు.

ప్రశ్న (అదే పాఠకుడు): ఆ కెమెరాలోనే కడిగించని 'ఇందు' బ్రాండు ఫిల్ము రోలు ఒకటి దొరికింది. దానినీ స్కాన్ చేయవచ్చా?

సమాధానం: కడిగిస్తేనే స్కాన్ చేయగలరు. కెమెరాను వెలుతురులో తెరవకండి; చీకటిలో తీసి, నలుపు తెలుపు ఫిల్ము చేత్తో కడిగే లాబ్‌కు, ఎన్నో ఏళ్ల నాటిదని చెప్పి ఇవ్వండి. 1897లో ఉత్తర ధ్రువానికి బెలూనులో బయలుదేరి మరణించిన ఆంద్రే బృందపు ఫిల్ములు 1930లో మంచులో దొరికితే, స్టాక్‌హోమ్‌లో వాటిని కడిగి 240 ఫ్రేములలో 93 రాబట్టారు. వాటిని కాపాడినది ఆ చలి. ఊటీలో తయారైన మీ రోలు తెనాలి ఎండలు చూసింది కనుక, ఫిల్ము అంతటా బూడిద రంగు పొగ కమ్మి ఉంటుందని ముందే అనుకోండి. పొగను తక్కువగా తెచ్చే డెవలపర్‌ను, అంటే ఫిల్మును కడిగే రసాయనాన్ని, ఎంచుకోమని లాబ్‌వారితో చెప్పండి. వచ్చిన నెగెటివ్ కంటికి నల్లని పలకలా కనిపించినా పారవేయనివ్వకండి. స్కానర్‌లో వెలుగు పెంచి, 16 బిట్లలో తీసి, ఆ పొగ మందాన్ని తీసివేస్తే మనుషుల ఆకారాలు బయటపడే అవకాశం ఉంది.